హ్యామ్‌స్టర్ పెట్టెలో ఏం పరచాలి? విజయవాడ నుంచి ఒక తల్లి ప్రశ్న

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు, తన పేరు ప్రచురించవద్దని కోరుతూ, సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆమె కొడుకు ఐదో తరగతి చదువుతున్నాడు. వాడు పట్టుబట్టి కిందటేడు ఒక హ్యామ్‌స్టర్‌ను, అంటే ఎలుకలాంటి చిన్న పెంపుడు ప్రాణిని, కొనిపించుకున్నాడు. దాన్ని తీగల పంజరంలో, పలచగా పరిచిన పైన్ పొట్టు మీద ఉంచారు. మే నెలలో ఒక మధ్యాహ్నం అది కదలకుండా పడి ఉండి, సాయంత్రానికి చనిపోయింది. పిల్లవాడు చాలా రోజులు తిండి సరిగ్గా తినలేదు. సంక్రాంతి సెలవుల్లో ఇంకొకదాన్ని తెచ్చారు. సిరియన్ జాతిది, లేత గోధుమ రంగుది, పేరు జున్ను. దుకాణదారు అడుగున్నర పొడవున్న తీగల పంజరంతో పాటు ఒక సంచి పైన్ పొట్టు ఇచ్చి, దానివల్ల ఏ హానీ లేదన్నాడు. అది అయిపోయాక ఆమె బావగారు, అంటే భర్తకు అన్నగారు, ఆటోనగర్‌లోని తన వడ్రంగి షాపు నుంచి వారం వారం రంపపు పొట్టు పంపిస్తున్నారు. పైసా పుచ్చుకోరు. అప్పటి నుంచి జున్ను తుమ్ముతోంది, ఒక కన్ను చెమ్మగిల్లుతోంది. పంజరం శుభ్రం చేసిన రోజు, ఉబ్బసం ఉన్న అత్తగారికి ఆయాసం ఎక్కువవుతోంది. పిల్లవాడు రాత్రిపూట దూది పరుస్తున్నాడు. చీమల కోసం పంజరం చుట్టూ చాక్‌పీసు మందు గీసి, మూలలో కలరా ఉండలు పెట్టారు. "ఎలుక పరుపుకు నెలనెలా డబ్బు పోయాలా?" అని భర్త విసుక్కుంటున్నారు. పైన్ పొట్టు విషమని ఏదో వీడియోలో విన్న కొడుకు, మొదటిది మనవల్లే చచ్చిపోయిందని ఏడుస్తున్నాడు. ఏది పరచాలి, మొదటిదాన్ని నిజంగా మేమే చంపుకున్నామా, బావగారి మనసు నొప్పించకుండా ఆ పొట్టు వద్దని ఎలా చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరంలో పడక గురించి ఒక ప్రశ్న ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అందులో ముగ్గురి ఊపిరి ఉంది: జున్నుది, మీ అత్తగారిది, దుఃఖంలో ఉన్న మీ అబ్బాయిది. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్లే మీకు ఎటు చూసినా దారి కనిపించడం లేదు. వాటిని విడివిడిగా తీసుకుందాం. అన్నిటికన్నా ముందు, ఈ సమాధానం చదివిన రోజే చేయవలసిన పని ఒకటుంది. కలరా ఉండలు తీసి ఇంటి బయట పారేయండి. అవి నాఫ్తలీన్, వాటి ఆవిరి చిన్న ప్రాణులకు హాని చేస్తుంది, ఉబ్బసం ఉన్న మనిషికీ మంచిది కాదు. చాక్‌పీసు గీతలో ఉన్నది పురుగుల మందు. దాన్ని తడిగుడ్డతో రెండు మూడు సార్లు తుడిచేయండి. చీమలకు మన ఇళ్ళలో పాత ఉపాయమే ఉంది. పెట్టెను చిన్న బల్ల మీద పెట్టి, బల్ల కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు ఉంచితే చీమలు పైకి ఎక్కలేవు. దీనికి ఖర్చు లేదు, మందు వాసన లేదు. జున్ను దాచుకున్న తిండిలో కుళ్ళే కూరముక్కలు, పండుముక్కలు ఉంటే రోజూ తీసేస్తే చీమలు రావడమే తగ్గుతుంది.

ఇక మొదటి హ్యామ్‌స్టర్ సంగతి. దూరం నుంచి, ఉత్తరం చదివి, అది ఎందుకు చనిపోయిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ మీరు రాసిన వివరాల్లో రెండు నన్ను ఆపాయి: మే నెల, మధ్యాహ్నం. హ్యామ్‌స్టర్‌కు మనలాగా చెమట పట్టి ఒళ్ళు చల్లబడే ఏర్పాటు లేదు. గది వేడి 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం మొదలవుతుంది. మే నెల విజయవాడలో, ఏసీ లేని గదిలో, నాలుగు వేళ్ళ లోతు కూడా లేని పొట్టు మీద, తీగల పంజరంలో ఉన్న ప్రాణికి తప్పించుకోవడానికి చోటు ఉండదు. పొద్దున బాగా ఉండి మధ్యాహ్నానికి చలనం లేకుండా పడిపోవడం వడదెబ్బకు సరిపోయే లక్షణం. పైన్ పొట్టు చేసే హాని ఉంటే, అది ఇలా ఒక్క పూటలో ప్రాణం తీసే రకం కాదు. కనుక పొట్టు వేసినందుకే చచ్చిపోయిందన్న మాట మీ అబ్బాయి మనసులో స్థిరపడనివ్వకండి. అలాగని "మన తప్పేమీ లేదులే" అని తుడిపేసినా వాడు నమ్మడు. "ఎండ వల్ల అయి ఉండవచ్చు, మనకు అప్పుడు తెలియదు, ఈసారి వేసవి రాకముందే జున్నుకు చల్లటి చోటు సిద్ధం చేద్దాం" అని చెప్పండి. పిల్లలకు ఓదార్పుకన్నా చేతికి పని దొరకడం మేలు చేస్తుంది. ఆ పని ఏమిటో కింద రాస్తాను.

పైన్ విషయంలో దుకాణదారు మాటా పూర్తిగా అబద్ధం కాదు, వీడియో మాటా పూర్తిగా నిజం కాదు. పైన్, సెడార్ వంటి చెట్ల చెక్కకు ఆ ఘాటైన సువాసన రావడానికి కారణం వాటిలోని ఆవిరయ్యే నూనెలు, రసాయనాలు. 1967లోనే అమెరికాలో ఒక శాస్త్రవేత్త, ప్రయోగశాల ఎలుకల కింద సెడార్, పైన్ పొట్టు పరిచినప్పుడు వాటి కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములు పెరుగుతున్నాయని గమనించి ప్రచురించాడు. ఎంజైములు పెరగడం అంటే జబ్బు చేసిందని కాదు. ఒంట్లోకి వస్తున్నదాన్ని వదిలించుకోవడానికి కాలేయం అదనంగా పని చేస్తోందని అర్థం. సెడార్ విషయంలో మాత్రం సందేహం పెట్టుకోనక్కరలేదు, అది ఏ రూపంలోనూ వద్దు. మన దేవదారు కూడా సెడారే, కనుక దానికీ ఇదే మాట. పైన్‌ను బట్టీలో వేడికి బాగా ఆరబెడితే ఆ నూనెల్లో చాలా భాగం పోతుంది. అలా ఆరబెట్టి, దుమ్ము జల్లించి అమ్మే పైన్ షేవింగ్స్‌ను, అంటే చిత్రిక పొరలను, వాడేవారు చాలామంది ఉన్నారు. సంచి మీద ఆ సంగతి రాసి లేకపోతే, సంచి తెరవగానే ముక్కుకు ఘాటు తగిలితే, అది కొనకండి. మీ ముక్కుకు తగిలిన వాసన, రోజంతా ఆ పొట్టులో ముఖం పెట్టి పడుకునే ప్రాణికి ఎంత తగులుతుందో ఊహించుకోవచ్చు. ఇదే లెక్కన లావెండర్ వాసన కలిపిన కాగితపు బెడ్డింగ్ (పడకగా పరిచే సరుకు) కూడా వద్దు. ఆ పరిమళం మన కోసం కలిపింది.

మీ బావగారు పంపే పొట్టు మాత్రం పైన్ కన్నా ఎక్కువ ఆలోచించవలసిన విషయం. వడ్రంగి షాపులో నేల మీద ఊడ్చిన పొట్టులో ఏ చెక్క ఉందో ఆయనకే ఖచ్చితంగా తెలియదు. పొద్దున టేకు కోస్తారు, మధ్యాహ్నం వేప తలుపు, సాయంత్రం ప్లైవుడ్ బీరువా. టేకు దుమ్ము వడ్రంగులకే ఒళ్ళు దురద, దగ్గు తెప్పిస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ చెక్కలను అతికించే జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుంది. పాత చెక్కకు చెదల మందు పూసి ఉండవచ్చు, పాలిష్ ఉండవచ్చు. వీటన్నిటికీ మించి రంపపు పొట్టు అంటేనే సన్నని పొడి. చిత్రిక పట్టినప్పుడు వచ్చే చుట్టలు చుట్టిన పొరలు వేరు, రంపం కింద రాలే పిండి వేరు. గుప్పెడు పొట్టు తీసుకుని, కిటికీ ఎండ పడే చోట తెల్ల కాగితం మీద పై నుంచి వదలండి. ఎండలో గాలిలో తేలుతూ కనిపించేదంతా జున్ను ఊపిరితిత్తుల్లోకీ మీ అత్తగారి ఊపిరితిత్తుల్లోకీ పోతున్నదే. తుమ్ము, కన్ను చెమ్మ, శుభ్రం చేసిన రోజే పెరిగే ఆయాసం, ఈ మూడింటికీ ఒకే కారణం ఉండడానికి చాలా అవకాశం ఉంది. ఎన్ని దారులు ఉన్నా, ఈ పొట్టును మాత్రం ఆపక తప్పదు.

దూది కూడా ఈ రాత్రి నుంచే మానిపించండి. పిల్లవాడు ప్రేమతోనే వేస్తున్నాడు గనుక కారణం చెప్పి మానిపించండి. హ్యామ్‌స్టర్ గూడు కట్టుకునే సరుకునంతా బుగ్గ సంచుల్లో కుక్కుకుని మోసుకుపోతుంది. దూది పోగులు ఆ సంచుల లోపల తడికి అతుక్కుని ఉండిపోతాయి. మింగితే అరగవు, పేగుకు అడ్డం పడతాయి. కాలికి చుట్టుకుంటే అది లాగేకొద్దీ బిగుసుకుని రక్తం ఆడక కాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. బూరుగు దూదికీ, దుకాణాల్లో హ్యామ్‌స్టర్ బొమ్మతో అమ్మే మెత్తటి పీచుకూ, విప్పిన ఉన్ని దారాలకూ, కొబ్బరి పీచుకూ ఇదే భయం. వీటి బదులు వాసన, రంగు లేని తెల్ల టిష్యూ కాగితాన్ని మీ అబ్బాయి చేత రెండు వేళ్ళ వెడల్పు పేలికలుగా చింపించి పెట్టె మధ్యలో కుప్పగా వేయించండి. రాత్రి దీపం ఆర్పాక జున్ను వచ్చి ఒక్కొక్క పేలికను నోట్లోకి లాక్కుని, బుగ్గలు భుజాల దాకా ఉబ్బేలా నింపుకుని, గూటిలోకి పోయి ముందుకాళ్ళతో బుగ్గలను వెనక నుంచి తోస్తూ బయటికి కక్కుతుంది. అది చూసిన పిల్లవాడు మళ్ళీ దూది జోలికి పోడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మనం బెడ్డింగ్‌ను పంజరం అడుగున తడి పీల్చుకోవడానికి వేసేదిగా చూస్తాం. హ్యామ్‌స్టర్‌కు అది నేల. ఇళ్ళలో పెరిగే సిరియన్ హ్యామ్‌స్టర్ల వంశం 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త భూమి తవ్వించి పట్టించిన ఒక తల్లి, దాని పిల్లల నుంచి వచ్చింది. అదే ప్రాంతంలో పొలాల్లో ఉన్న బొరియలను తర్వాత శాస్త్రవేత్తలు కొలిచి 2001లో ప్రచురించారు. వాటి లోతు సగటున 65 సెంటీమీటర్లు. ఒక బొరియలో పడుకునే గది, గింజలు దాచుకునే గది, మూత్రానికి వేరుగా ఒక మూసుకుపోయిన సొరంగం ఉన్నాయి. జున్ను ఆ నేలకు దూరమై వందేళ్ళు కూడా కాలేదు. దానికి తవ్వడం ఆట కాదు, అవసరం. 2006లో స్విట్జర్లాండ్‌లో హ్యామ్‌స్టర్లను మూడు గుంపులుగా 10, 40, 80 సెంటీమీటర్ల లోతు బెడ్డింగ్‌లో ఉంచి చూశారు. 10 సెంటీమీటర్ల గుంపు పంజరం తీగలను కొరకడం మిగతా వాటికన్నా చాలా ఎక్కువ. 80 సెంటీమీటర్ల గుంపులో తీగ కొరికినది ఒక్కటీ లేదు. జున్ను రాత్రంతా తీగలు కొరుకుతూ నిద్ర పట్టనివ్వడం లేదని మీరు ఉత్తరం చివర, పడకతో సంబంధం లేని సంగతిలా రాశారు. అది పడకకు సంబంధించిన సంగతే.

కాబట్టి పడకను ఎంచుకునేటప్పుడు దుమ్ము, వాసన చూడండి, మింగినా బుగ్గలో పెట్టుకున్నా హాని చేయనిదా అని చూడండి, ఆపైన సొరంగం తవ్వితే కూలకుండా నిలుస్తుందా అని కూడా చూడండి. చివరిదాన్ని చాలామంది మరచిపోతారు.

ఈ పరీక్షలన్నిటికీ నిలిచేవాటిలో మీ ఇంటికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది దుకాణాల్లో దొరికే తెల్ల కాగితపు గుజ్జు బెడ్డింగ్. మెత్తగా ఉంటుంది, తడి పీలుస్తుంది, గట్టిగా అదిమితే సొరంగాలు నిలుస్తాయి. దుమ్ము తక్కువ, కానీ అసలు లేదని అనుకోకండి. సంచి అడుగున మిగిలే పొడిని పెట్టెలోకి దులపకుండా పారేయాలి. లోపం ఖరీదు. రెండోది ఆస్పెన్ అనే చెట్టు చెక్క షేవింగ్స్. ఆస్పెన్‌లో పైన్‌లాంటి ఘాటు నూనెలు ఉండవు గనుక చెక్కల్లో దాన్ని మేలైనదిగా ఎంచుతారు. అయితే ఒంటరిగా వేస్తే సొరంగం అంత బాగా నిలవదు, ఎంత జల్లించినా చెక్క దుమ్ము కొంత ఉంటుంది. ఉబ్బసం ఉన్న ఇంట్లో నేను కాగితం వైపే మొగ్గుతాను. కుందేళ్ళకు అమ్మే తిమోతి గడ్డిని కాగితంలో పొరలు పొరలుగా కలిపితే సొరంగాలు ఇంకా గట్టిగా ఉంటాయని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ ఎండుగడ్డి దుమ్ము, పుప్పొడి కొందరికి ఆయాసం తెప్పిస్తాయి. మీ అత్తగారి కోసం దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఊక, వరిగడ్డి మన దగ్గర చౌక గనుక ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఊక అంచులు గరుకు, దుమ్ము ఎక్కువ. వరిగడ్డి మొనలు బుగ్గ సంచిలో గుచ్చుకుంటాయి. మొక్కజొన్న కండె ముక్కలు తడిస్తే బూజు పడతాయి, వాటిలో సొరంగం అసలు నిలవదు. మీ ఊరి వానాకాలపు చెమ్మకు అవి మరీ పనికిరావు. పిల్లులకు వేసే, తడిస్తే గడ్డకట్టే ఇసుక మింగితే కడుపులో కూడా గడ్డకడుతుంది. పాత దినపత్రిక చింపి వేస్తే ప్రాణం పోదు గానీ సిరా ఒంటికీ మూతికీ అంటుతుంది. అది ఒంటిని నాకి శుభ్రం చేసుకునే ప్రాణి.

ఖర్చు గురించి మీవారి విసుగులో న్యాయం ఉంది, కానీ లెక్క వేరుగా ఉంది. ఇప్పటి పంజరం అడుగు సుమారు 45 సెంటీమీటర్లకు 30. దాని తొట్టి 4 సెంటీమీటర్ల లోతు పట్టుకుంటుందనుకుంటే ఐదున్నర లీటర్ల సరుకు చాలు. చవకే అనిపిస్తుంది. అంత పలచటి పొర రెండు మూడు రోజుల్లో పూర్తిగా తడిసి కంపు కొడుతుంది, వారం వారం మొత్తం పారేయాలి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న పెట్టెలో సగానికి 25 సెంటీమీటర్లు, మిగతా సగానికి 8 సెంటీమీటర్లు వేస్తే దాదాపు 67 లీటర్లు కావాలి. మొదటిసారి చేతి నుంచి గట్టిగానే పోతుంది. ఆ తర్వాత మొత్తం మార్చే పని ఉండదు. జున్ను ఒక మూలనే మూత్రం పోస్తుంది. ఆ తడి భాగాన్ని రోజు విడిచి రోజు ఒక గరిటెతో తీసేసి, అంత కొత్తది వేస్తే చాలు. నెలకో నెలన్నరకో పైభాగం నుంచి మూడో వంతు మారుస్తూ పోతే సరిపోతుంది. ఒక పూట పాత సరుకంతా పారేసి కడిగి కొత్తది పరవడం మన కంటికి శుభ్రంగా ఉంటుంది గానీ, హ్యామ్‌స్టర్ తన చోటును తన వాసనతోనే గుర్తుపడుతుంది. వారం వారం ఇల్లంతా మాయమైతే అది బెదిరిపోతుంది. సంచి కొనేటప్పుడు అదిమి కట్టిన లీటర్లు రాశారో, విప్పాక అయ్యే లీటర్లు రాశారో చూడండి. ధర పోల్చడంలో చాలామంది అక్కడే మోసపోతారు. పెట్టెకు తీగల పంజరం పనికిరాదు, పొట్టంతా బయటికి చిమ్ముతుంది. అక్వేరియం దుకాణాల్లో కొలతలు చెబితే గాజు తొట్టె అతికించి ఇస్తారు. పైన తీగల మూత పెడితే గాలి ఆడుతుంది. పెద్ద ప్లాస్టిక్ సామాను పెట్టె మూతకు కిటికీ కోసి జాలీ బిగించినా పని జరుగుతుంది, ఖర్చు ఇంకా తక్కువ, కానీ దాని మూలలను కొరుకుతోందేమో చూస్తూ ఉండాలి.

ఆ మొదటి ఖర్చు కూడా ఇప్పుడు కుదరదంటే ఇంకో దారి ఉంది, అది మీ ఊళ్ళో ఉన్నవారికే సులువు. విజయవాడ పుస్తకాల ఊరు, ప్రింటింగ్ ప్రెస్సులకు కొదవ లేదు. ప్రెస్సులో అచ్చు పడని తెల్ల న్యూస్‌ప్రింట్ కత్తిరింపులు అడిగి తెచ్చుకోవచ్చు. నిగనిగలాడే ఆర్టు పేపరు వద్దు, దాని అంచు కోస్తుంది; బైండింగు జిగురు అంటిన ముక్కలు, రంగు చార ఉన్న ముక్కలు ఏరేయాలి. పొడవాటి పేలికలు కాలికి చుట్టుకోకుండా జానెడుకు మించకుండా చింపాలి. వీటిని అడుగున, మధ్యలో వేసి, పైన కొన్న కాగితపు బెడ్డింగ్ కలిపితే కొనవలసింది సగానికి తగ్గుతుంది. శ్రమ మాత్రం పెరుగుతుంది, ముక్కలు ఏరడానికి ఓపిక కావాలి. ఒకటి ఒప్పుకోవాలి: ఉత్త పేలికలతో సొరంగం నిలవదు. కలిపితేనే నిలుస్తుంది.

జున్ను ఏ మూల మూత్రం పోస్తుందో అక్కడ ఒక స్టీలు పళ్ళెంలో ఇసుక పెడితే చాలా సార్లు అది అక్కడికే అలవాటు పడుతుంది, బెడ్డింగ్ ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. ఏటి ఇసుకను నీళ్ళు తేరే దాకా కడిగి, ఎండబెట్టి, వాడని మూకుడులో వేయించి చల్లార్చండి. మైదాలా సన్నగా ఉన్నదేదీ వద్దు. పళ్ళెం, చక్రం, నీళ్ళ గిన్నె వంటి బరువైన వస్తువులను లోతైన వైపు బెడ్డింగ్ మీద నేరుగా పెట్టకండి. కింద సొరంగం తవ్వితే అవి దాని మీద కూలతాయి. పలచగా ఉన్న వైపు, అడుగు మీదే నిలిచేలా పెట్టాలి.

మీ బావగారి విషయం నాకు ఇక్కడే గుర్తుకు వస్తోంది. ఆయన ఇస్తున్నది పొట్టు కాదు, తమ్ముడి కొడుకు మీద అభిమానం. పొట్టు వద్దని ఒక్కమాటతో చెబితే ఆ అభిమానాన్ని తిప్పి పంపినట్టు ఉంటుంది. చెప్పకుండా తీసుకుని పారేస్తే ఆయన వారం వారం పంపుతూనే ఉంటారు, ఏదో రోజు తెలిసి ఇంకా నొచ్చుకుంటారు. మీ అత్తగారి చేత చెప్పించడం ఒక మార్గం: "ఆ పొడికి నాకు ఆయాసం వస్తోందిరా" అని తల్లి అంటే ఏ కొడుకూ పట్టుబట్టడు, పైగా అది నిజం. నాకు మరింత నచ్చిన మార్గం, పొట్టు బదులు పని అడగడం. గాజు తొట్టెకు జాలీ మూత చట్రం, చక్రం నిలబడడానికి నాలుగు కాళ్ళ చిన్న పీట, లోపలికి వెళ్ళి దాక్కోవడానికి అడుగు లేని చెక్క గూడు, ఇవి ఆయన షాపులో అరపూట పని. చెక్క పాతది కాకూడదు, ప్లైవుడ్ కాకూడదు, పాలిష్, వార్నిష్, చెదల మందు ఏదీ పూయకూడదు, లోపల మేకు మొనలు కనిపించకూడదు అని అబ్బాయి చేతనే కాగితం మీద బొమ్మ గీయించి పంపండి. గూడు జున్ను కొరికేది గనుక టేకు వద్దని అందులోనే రాయమనండి. మామిడి చెక్క ఉంటే బాగుంటుంది. మూత చట్రానికైతే టేకైనా ఫరవాలేదు.

పెట్టె ఎక్కడ ఉంచాలన్నది మీరు అడగలేదు, కానీ హాల్లో అత్తగారి మంచం పక్కనే ఉందని రాశారు గనుక చెప్పవలసి వస్తోంది. బెడ్డింగ్ మార్చితే దుమ్ము తగ్గుతుంది, ఆయాసం కూడా తగ్గవచ్చు. కానీ కొందరికి హ్యామ్‌స్టర్ మూత్రం, చర్మపు పొరలే పడవు. అప్పుడు ఎంత మంచి కాగితం పరిచినా ప్రయోజనం ఉండదు. అబ్బాయి గదిలోకి మార్చితే ఆవిడకు ఊరట, అబ్బాయికి రాత్రి చక్రం చప్పుడు. బాల్కనీలో పెట్టాలనిపిస్తుంది, వద్దు. ఎండ, పిల్లులు, చీమలు, అన్నీ అక్కడే ఉంటాయి. ఎక్కడ పెట్టినా శుభ్రం చేయడం మాత్రం బాల్కనీలోనే, మూతికి గుడ్డ కట్టుకుని, అత్తగారు గుడికి వెళ్ళిన సమయంలో చేయండి. పొట్టు ఆపిన నెలలోగా ఆయాసం తగ్గకపోతే ఆవిడ డాక్టరుకు ఇంట్లో హ్యామ్‌స్టర్ ఉన్న సంగతి తప్పక చెప్పండి. ఆయన వద్దంటే జున్నును ఇంకో ఇంటికి ఇవ్వవలసి రావచ్చు. అది కష్టమైన మాటే, కానీ ముందే తెలిసి ఉంటే పిల్లవాడిని మెల్లగా సిద్ధం చేయవచ్చు.

వేసవి పని అబ్బాయికి అప్పగించమన్నాను. లోతైన బెడ్డింగ్ అడుగు భాగం పై భాగంకన్నా చల్లగా ఉంటుంది. అందుకే లోతు వేసవికి కూడా అవసరమే. దానికి తోడు పలచటి వైపు అరచేతిని మించిన నాపరాయి ముక్క ఒకటి పెట్టించండి. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నాలు ఆ రాయిని ఫ్రిజ్‌లో చల్లబరచి మార్చి మార్చి పెట్టడం, పెట్టె పక్కన గోడకు ఒక థర్మామీటరు తగిలించి స్కూలు నుంచి రాగానే రాసి పెట్టడం వాడి బాధ్యత. 30 దాటితే పెట్టెను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదికి మార్చాలి. గాజు తొట్టెకు గాలి తక్కువ ఆడుతుంది గనుక కిటికీ ఎండ దాని మీద క్షణం కూడా పడకూడదు. 40 దాటే రోజుల్లో రాయి ఒక్కటే చాలదు, ఏసీ గదో కూలరో ఉన్న చోటికి చేర్చవలసిందే.

పొట్టు మార్చేటప్పుడు జున్ను పాత గూటిలోని పొడిగా ఉన్న టిష్యూ, కొన్ని దాచుకున్న గింజలు కొత్త పెట్టెలో వేయండి; పాత రంపపు పొట్టు మాత్రం కలపకండి. కొత్త చోట ఒకటి రెండు రోజులు అది బయటికి రాకపోతే కంగారు పడి తవ్వి తీయకండి. తుమ్ములు దుమ్ము వల్లే అయితే వారం పది రోజుల్లో స్పష్టంగా తగ్గాలి. తగ్గకపోయినా, ఊపిరి తీసేటప్పుడు టిక్కుటిక్కుమన్న చప్పుడు వినిపించినా, కన్ను అతుక్కుపోయినా, బరువు తగ్గుతున్నా అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. ఇంటి చిట్కాలు వద్దు. తోక చుట్టూ తడిగా, విరేచనంతో మలినంగా కనిపిస్తే మరునాటి దాకా కూడా ఆగకండి. కుక్కలకు, పిల్లులకు తప్ప చిన్న ప్రాణులకు చూడని డాక్టర్లు ఉంటారు గనుక, ఎవరు చూస్తారో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని నంబరు పెట్టె మీద అంటించి ఉంచండి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా వేసిన పొట్టు గుప్పెడు ఒక కవరులో కట్టి తీసుకువెళ్ళండి. డాక్టరు దాన్ని వేళ్ళతో నలిపి చూస్తే, మీరు నోటితో ఎంత చెప్పినా తెలియనిది ఆయనకు తెలుస్తుంది.